రొటేషన్ ఆగిన వేసవి: లాక్‌డౌన్‌ను బెజవాడ చిన్న దుకాణాలు దాటిన తీరు

2020 మార్చి 24, మంగళవారం. తెల్లవారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. కరోనా కట్టడికి రాష్ట్ర ప్రభుత్వం రెండు రోజుల ముందే మార్చి 31 దాకా ఆంక్షలు ప్రకటించింది. ఎలాగోలా వారం గడిస్తే చాలనుకున్న వ్యాపారులకు, ఆ రాత్రి ప్రధాని 21 రోజుల దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటించడంతో ఆ ఆశ కూడా పోయింది. పండగకని తెప్పించిన పిల్లల బట్టలు బీసెంట్ రోడ్డు దుకాణాల్లో కవరు విప్పకుండానే ఉండిపోయాయి. వైశాఖ మాసపు పెళ్లిళ్ల కోసం వన్‌టౌన్‌లోని టోకు బట్టల మార్కెట్ వస్త్రలతలో దించిన బేళ్లు దించినచోటే ఉన్నాయి. మిఠాయి కొట్లలో పాకం పట్టినవి పట్టినట్టే మిగిలాయి. మూడు వారాలన్నది నాలుగు విడతలుగా సాగి మే 31 దాకా వెళ్లింది. కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ రెడ్‌జోన్‌లోనే ఉండటంతో, ఇతర జిల్లాలకు మే మొదట్లో దొరికిన కొద్దిపాటి వెసులుబాటు కూడా ఇక్కడివారికి ఆలస్యంగానే అందింది.

ఈ కాలం గురించి తర్వాత చాలా కథలు వచ్చాయి. దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినవి: ఉపాయం తెలిసినవాడు నిలిచాడు, తెలియనివాడు మూసుకున్నాడు. వినడానికి బాగుంటుంది కానీ, ఉపాయం కంటే ముందు లెక్కలోకి రావలసింది ఒకటుంది. బెజవాడ వ్యాపారులు దాన్ని రొటేషన్ అంటారు. పెట్టిన రూపాయి సరుకుగా మారి, సరుకు అమ్ముడై, తిరిగి రూపాయిగా గల్లా పెట్టెలోకి రావడానికి పట్టే కాలమే రొటేషన్. మార్చి 24 రాత్రి ఎవరి రూపాయి ఆ దారిలో ఎక్కడ ఉందన్నదే తర్వాతి ఏడాది కథను చాలావరకు నిర్ణయించింది. అప్పటికి అది గల్లాలో ఉన్నవాడికి ఆలోచించుకునే వ్యవధి దొరికింది. అల్మారాలో ఉన్నవాడికి దొరకలేదు.

ఉదాహరణకు ఒక కర్రీ పాయింట్‌ను తీసుకుందాం. పొద్దున్నే నాలుగు వేలతో కూరగాయలు, పప్పు, నూనె తెస్తారు. రాత్రి తొమ్మిదికి గిన్నెలు కడిగే వేళకు ఆ నాలుగు వేలు ఆరు వేలై తిరిగొస్తాయి. నెలకు ముప్పై సార్లు డబ్బు తిరుగుతుంది. అదే పది లక్షల సరుకున్న చీరల దుకాణంలో డబ్బు ఏడాదికి మూడు సార్లు తిరిగితే గొప్ప. కర్రీ పాయింట్‌కు తాళం పడితే పోయేది ఆనాటి వంకాయలు. చీరల దుకాణానికి తాళం పడితే పది లక్షలూ లోపలే ఉండిపోతాయి. వాటి మీద సూరత్ వ్యాపారికి ఇవ్వాల్సిన బాకీ, బయట తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం తాళాన్ని లెక్కచేయవు.

అంతమాత్రాన కర్రీ పాయింట్లకు కష్టం లేదని కాదు. పార్శిల్ వ్యాపారమే కాబట్టి నిబంధనల బెడద వాటికి తక్కువే, కానీ కొనేవాళ్లు ఊళ్లో ఉండాలి కదా. హాస్టల్ కుర్రాళ్లు, గదుల్లో ఉండే ఉద్యోగులు సొంతూళ్లకు వెళ్లిపోయారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలోనూ పొయ్యి వెలిగింది, ఇంట్లో కూర్చున్నవాళ్లకు వంటే కాలక్షేపమైంది. పావు కిలో పప్పు, ఒక వేపుడు, కాస్త సాంబారు అని ప్లాస్టిక్ కవర్లలో కట్టించుకెళ్లే గిరాకీ ఒక్కసారిగా పడిపోయింది. అయితే అప్పుల్లో కూరుకుపోకుండా మూసుకునే వెసులుబాటు వీరికుంది. మళ్లీ తెరవడానికి రెండు మూడు వేలు చాలు.

తెరిచినప్పుడు చాలామంది పాత పద్ధతిలో తెరవలేదు. పది రకాల కూరలు వండి సాయంత్రం దాకా ఎదురుచూడటం మానేశారు. భవానీపురం, పటమట వైపు అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ ద్వారానో, తెలిసిన ఒక ఇల్లాలి ద్వారానో వాట్సాప్ గ్రూపు ఒకటి తయారైంది. శనివారం రాత్రి ఎనిమిది లోపు ఆర్డరు చెప్పి డబ్బు పంపాలి, ఆదివారం మధ్యాహ్నానికి బిర్యానీ గుమ్మం ముందు ఉంటుంది. ఇందులో కొత్త సాంకేతికత ఏమీ లేదు. మారింది వరుస మాత్రమే. ఇదివరకు సరుకు ముందు, గిరాకీ తర్వాత. ఇప్పుడు గిరాకీ ముందు, సరుకు తర్వాత. కొనేవాడి డబ్బే పెట్టుబడి అయింది, మిగిలిపోయిన కూర పారబోసే బాధ తప్పింది. లాక్‌డౌన్‌లో పనికొచ్చిన మార్పుల్లో చాలావాటిని తవ్విచూస్తే అడుగున ఈ వరుస మార్పే కనిపిస్తుంది.

చీర ఫోన్లోకి ఎక్కితే

వరుస మార్చడం అన్ని వ్యాపారాలకూ ఇంత తేలిక కాదు. చీరల దుకాణాన్నే చూద్దాం. పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లో కూల్‌డ్రింకో ఇచ్చి, నలభై చీరలు విప్పి గుట్టపోయడం బెజవాడ సేల్స్‌మన్ విద్య. కొనడానికి వచ్చినావిడ ఏ చీర దగ్గర అర నిమిషం ఆగిందో చూసి, పదిహేను చీరల తర్వాత మళ్లీ దాన్నే పైకి తీస్తాడు. వీడియో కాల్‌లో ఆ విద్య పనిచేయదు. అవతలి ముఖం బొటనవేలంత. నలభై చీరలు చూపించేలోగా నెట్ ఆగిపోతుంది, లేదా అవతల పాలు పొంగుతాయి.

రంగుతో వచ్చిన తంటా ఇంకా పెద్దది. ట్యూబ్‌లైటు కింద నెమలికంఠం రంగు ఫోన్లో ముదురు నీలంగా కనిపిస్తుంది, మామిడిపండు రంగు పాలిపోతుంది. “కాస్త ఎండలోకి తీసుకురండి” అని అవతలి గొంతు అడుగుతుంది. సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి, చీర చెంగు బయటకు చాపి చూపించాలి. “అంచు దగ్గరగా… పైట మొత్తం విప్పండి… బ్లౌజు ముక్క ఎటుంది?” ఇదంతా అయ్యాక, “మా వదినను కూడా కాల్‌లో కలుపుతాను, ఉండండి.” ఒక్క చీర అమ్మడానికి అరగంట.

ఈ అవస్థ దుకాణదారులకు రెండు పాఠాలు నేర్పింది. చూపించాల్సింది నలభై కాదు, పది. ఆ పదీ ఎవరికి నప్పుతాయో ముందే తెలిసి ఉండాలి. అంటే పాత ఖాతాదారు గత దసరాకు ఏం కొన్నదో, ఆ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందో లేదో గుర్తుండాలి. ఆ సంగతులు బిల్లు పుస్తకంలో ఉండవు, పాతికేళ్లుగా పనిచేస్తున్న సేల్స్‌మన్ బుర్రలో ఉంటాయి. అలాంటివాణ్ని మొదటి నెలలోనే జీతం ఇవ్వలేమని పంపేసిన దుకాణాలు ఫోన్ అమ్మకాల్లో వెనకబడ్డాయంటే ఆశ్చర్యం ఏముంది? రెండో పాఠం, “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అన్న బోర్డును పక్కన పెట్టక తప్పలేదు. చేత్తో తాకకుండా కొనమన్నప్పుడు, నచ్చకపోతే తిరిగి తీసుకుంటామన్న మాట ఇవ్వాల్సిందే.

దుకాణాలు ఈ తంటాలు పడుతుండగా, ఇళ్లలో నుంచి చీరలు అమ్మే మహిళలు తమ పని తాము చేసుకుపోయారు. టోకు వ్యాపారి పంపిన ఫోటోలను బంధువుల గ్రూపుల్లో పెట్టి, ఆర్డరు వచ్చాకే సరుకు తెప్పించే ఈ వ్యాపారం లాక్‌డౌన్‌కు ముందూ ఉంది. అద్దె లేదు, నిల్వ లేదు, గుమాస్తా జీతం లేదు. అంతవరకు దుకాణదారులు దాన్ని కాలక్షేపమని తీసిపారేశారు. నిల్వ భారమై కూర్చున్న వేసవిలో మాత్రం అదే తెలివైన వ్యాపారంగా కనిపించింది. కొందరు దుకాణదారులు ఆ మహిళలకే సరుకిచ్చి, అమ్మినదాని మీద కమీషను లెక్కకట్టే ఏర్పాటుకు వచ్చారు. చీరకు ఒక వంద తగ్గినా, అల్మారా ఖాళీ అయితే చాలన్నది వారి లెక్క. ఆ పరిస్థితిలో సరైన లెక్కే.

దర్జీల పని వేరుగా తిరిగింది. పెళ్లిళ్లు వాయిదా పడగానే జాకెట్ల పని ఆగింది. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామని ప్రకటించి, కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించింది. వీధి చివరి దర్జీ కొట్టు కూడా మిగిలిన టూ బై టూ గుడ్డతో మాస్కులు కుట్టింది. ఎలాస్టిక్ దొరకనప్పుడు గుడ్డ పేలికలే తాళ్లయ్యాయి. ఆదాయంగా చూస్తే అది చాలా చిన్నది, పైగా నాలుగు నెలల ముచ్చట. ఫ్యాక్టరీ మాస్కులు కట్టలు కట్టలుగా దిగేసరికి ఎవరూ గుడ్డ మాస్కు అడగలేదు. అయినా కుట్టు మిషను ఆగకపోవడం వల్ల అద్దె కట్టగలిగినవారు ఉన్నారు.

ఆవకాయకు మంచికాలం, పార్శిల్‌కు గడ్డుకాలం

కాలం కలిసొచ్చిన వ్యాపారం ఒకటుందంటే అది పచ్చళ్లది. లాక్‌డౌన్ మొత్తం సరిగ్గా మామిడి సీజను మీద పడింది. నున్న మామిడి మార్కెట్ ఊరి పక్కనే, కారానికి పుట్టిల్లు గుంటూరు కృష్ణ దాటితే వస్తుంది. పచ్చడి పాడయ్యే సరుకు కాదు, ఆగేకొద్దీ ఊరుతుంది. రొటేషన్ ఆగితే నష్టపోని అరుదైన సరుకు ఇది. ఇళ్లలో పది పదిహేను కిలోలు పెట్టి తెలిసినవారికి అమ్మేవారు కొందరు ఆ ఏడాది మార్చిలోనే చేతిలో ఉన్న ఫోన్ నంబర్లన్నింటికీ ధర పంపి, సగం డబ్బు ముందే తీసుకున్నారు. వరుస మార్పు ఇక్కడా అదే.

చిక్కు తయారీలో కంటే చుట్టుపక్కల వచ్చింది. టెంకతో సహా ముక్క కొట్టడానికి మార్కెట్ దగ్గర పెద్ద కత్తితో కూర్చునే మనిషి ఆ ఏడాది లేడు. ఇంట్లో చిన్న కత్తిపీటతో కొడితే టెంక చితికి జీడి ముక్కలో కలుస్తుంది, ముక్క తొందరగా మెత్తబడుతుంది. డబ్బా, మూత, లేబులు ఒక్కోటి ఒక్కో ఊరి నుంచి రావాలి. తయారైన పచ్చడి ఊరు దాటాలంటే బస్సులు లేవు. మే 21 దాకా ఆర్టీసీ తిరగలేదు. తపాలా శాఖ అత్యవసర సేవగా పనిచేసింది గనుక పొరుగూళ్ల పార్శిళ్లకు కొంత దారి దొరికింది. అమెరికా పార్శిళ్ల కథ వేరు. అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు మార్చి 23 నుంచే ఆగాయి. కొరియర్ సరుకులో చాలా భాగం వాటి అడుగునే వెళ్తుంది కాబట్టి, విమానాలు ఆగగానే చోటు తగ్గింది, కిలో రేటు పెరిగింది. అమెరికాలో పిల్లలున్న ఇళ్ల మీదే ఆధారపడిన పచ్చళ్ల వ్యాపారులు మొదటిసారి పక్క వీధి గిరాకీ కోసం చూశారు. పక్క వీధికి అర కిలో డబ్బా కావాలి, ధర తక్కువ ఉండాలి, పైన నూనె తేలుతుండాలి. అలవాటు పడటానికి వారికి కాలం పట్టింది.

ఆర్డర్లు పెరిగినవారు రిజిస్ట్రేషన్ వైపు వెళ్లారు. ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవరు ఉన్న ఆహార వ్యాపారానికి ఆహార భద్రతా సంస్థ నమోదు రుసుము అప్పట్లో ఏడాదికి వంద రూపాయలే. ఆ నంబరు లేబులు మీద ఉంటేనే సూపర్‌మార్కెట్ అరలో డబ్బాకు చోటు దొరుకుతుంది. ఖర్చు లేని పని, కానీ నిక్షేపంలాంటి తీరిక దొరికే దాకా ఎవరూ చేయలేదు.

కిరాణా కొట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వారికి గిరాకీ తగ్గలేదు, చీటీ ఫోటో తీసి పంపితే సరుకు కట్టి ఉంచారు, అంతే. ఆటోనగర్‌ది మాత్రం విచిత్రమైన పరిస్థితి. సరుకు లారీలు తిరగాలి, వాటికి మరమ్మతు కావాలి. ఏప్రిల్ 20 నుంచి లారీ మరమ్మతు షెడ్లకు కేంద్రం అనుమతిచ్చింది. కానీ మెకానిక్ ఒక్కడూ తెరిచి ఏం చేస్తాడు? బేరింగ్ అమ్మే కొట్టు, లేతు మిషను, ఎలక్ట్రీషియన్, వెల్డింగ్ షెడ్డు, టీ బండి అన్నీ ఒకదాని మీద ఒకటి నిలబడే పేట అది. ఒకటి మూతపడితే మిగతావి తెరిచినా తెరవనట్టే. లారీలకు బాడీ కట్టే షెడ్లయితే కొత్త ఛాసిస్‌ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. ఆ ఏప్రిల్‌లో దేశంలోని పెద్ద కార్ల కంపెనీలే అమ్మకాలు సున్నా అని చెప్పుకున్నాయి.

అన్నింటికంటే పొడవైన ఎండాకాలం చదువుల చుట్టూ బతికేవారిది. బెజవాడలో కార్పొరేట్ కాలేజీలంటే భవనాలు మాత్రమే కాదు. పరుపులు, బకెట్లు అమ్మే కొట్లు, జిరాక్స్ సెంటర్లు, మెస్సులు, చాకలి పని చేసేవారు, ఆదివారం తల్లిదండ్రులు దిగే లాడ్జీలు అన్నీ వాటి నీడలోవే. మార్చి 19న సెలవులిచ్చిన బడులు తొమ్మిది, పది తరగతులతో తిరిగి తెరుచుకున్నది నవంబరు 2న. ఏడున్నర నెలలు. ఏ ఉపాయమూ అంతకాలం నిలబెట్టదు. లేని విద్యార్థికి వీడియో కాల్‌లో పరుపు అమ్మలేరు. జిరాక్స్ మిషన్లు వాయిదాలు కట్టలేక అమ్మకానికి వచ్చాయి. ఉపాయవంతుడి కథలు చెప్పేవారు ఈ వీధుల్లోకి రాకపోవడం గమనించదగ్గది.

అప్పు లెక్కలు

రోజు గడవడం ఒక ఎత్తు, బాకీలు మరో ఎత్తు. అద్దె విషయంలో ఊరంతా దాదాపు ఒకే దారి తొక్కింది: “అడ్వాన్సులో తగ్గించుకోండి.” యజమాని చేతి నుంచి రూపాయి వదులుకోలేదు, దుకాణదారు అప్పటికి ఇవ్వలేదు, మాట పోలేదు. ఖాళీ చేసే రోజున తేలాల్సిన లెక్క అది.

బ్యాంకు వాయిదాలకు రిజర్వు బ్యాంకు మార్చి 27న మూడు నెలలు, మే 22న మరో మూడు నెలలు మారటోరియం ఇచ్చింది. ఆగస్టు 31 దాకా కట్టకపోయినా ఖాతా చెడదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఈ రెండో మాటను చాలామంది వినలేదు, లేదా విననట్టున్నారు. 12 శాతం వడ్డీకి ఐదు లక్షల అప్పుంటే, ఆరు నెలల్లో అది 5,30,760 అవుతుంది. తర్వాత కేంద్రం రెండు కోట్ల లోపు అప్పులకు ఊరట ప్రకటించి నవంబరులో జమ చేయించింది. ఊరట దేనికయ్యా అంటే, చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య తేడాకు. పై లెక్కలో ఆ తేడా 760 రూపాయలు. ముప్పై వేలు అలాగే ఉన్నాయి.

చిన్న వ్యాపారాల అప్పులకు కేంద్రం పూచీ ఉంటానంటూ మేలో తెచ్చిన మూడు లక్షల కోట్ల హామీ పథకం నిజంగా పనికొచ్చింది, అయితే బ్యాంకులో అప్పటికే అప్పున్నవారికి. ఫిబ్రవరి 29 నాటి బాకీలో 20 శాతం, తనఖా లేకుండా, మొదటి ఏడాది అసలు కట్టనక్కర్లేకుండా అదనంగా ఇచ్చారు. బ్యాంకులో ఐదు లక్షలున్నవాడికి లక్ష దొరికింది. ఎన్నడూ బ్యాంకు గుమ్మం ఎక్కనివాడికి సున్నాలో 20 శాతం సున్నాయే. వన్‌టౌన్ చిన్న వ్యాపారంలో చాలా భాగం ఈ రెండోవాడిది. అతని పెట్టుబడి చీటీ పాట నుంచి, నూటికి రెండు రూపాయల వడ్డీ నుంచి వస్తుంది. రెండు లక్షలు తెస్తే నెలకు నాలుగు వేలు, దానికి మారటోరియం ఉండదు. అడిగిన వెంటనే అధిక వడ్డీకి అప్పిచ్చి వేధించి వసూలు చేసే కాల్‌మనీ వ్యవహారం 2015 డిసెంబరులో బయటపడింది, దాన్ని ఈ ఊరు మరిచిపోలేదు. అయినా అవసరం వచ్చినప్పుడు గంటలో డబ్బిచ్చేది ఆ వీధే. చీటీల్లోనూ ఆ నెలల్లో నగదు కావలసినవారే ఎక్కువ, కాబట్టి ఎంత నష్టానికైనా పాడుకుని ఎత్తుకున్నారు. తర్వాతి వాయిదాలు సక్రమంగా వస్తాయో లేదోనని చీటీ నడిపేవారు కంటిమీద కునుకు లేకుండా గడిపారు.

తోపుడు బండ్లవారికి జూన్‌లో కేంద్రం పదివేల రుణ పథకం తెచ్చింది. నవంబరు 25న రాష్ట్రం వడ్డీ లేని పదివేలతో జగనన్న తోడు మొదలుపెట్టింది. పదివేలు చిన్న మొత్తమని పెదవి విరిచినవారు రొటేషన్ సంగతి మరిచారు. పండ్ల బండికి అది రెండు మూడు రోజుల సరుకు. రోజువారీ ఫైనాన్సు నుంచి పొద్దున తెచ్చి సాయంత్రం తిరిగివ్వాల్సిన పని తప్పితే, ఆ మిగులు ఇంటికి పోతుంది. చీరల దుకాణానికి ఆ పదివేలు కరెంటు బిల్లుకు సరిపోతాయేమో.

ఫోన్ చెల్లింపుల మీద ఒక మాట. లాక్‌డౌన్ రాగానే అందరూ డిజిటల్‌కు మారారన్నది సగం నిజం. 2020 ఏప్రిల్‌లో దేశంలో యూపీఐ లావాదేవీలు నిజానికి తగ్గి వంద కోట్ల లోపుకు వచ్చాయి. కొనడానికే ఏమీ లేకపోతే చెల్లింపు ఎక్కడిది? అక్టోబరుకు అవి 200 కోట్లు దాటాయి. చిన్న వ్యాపారి క్యూఆర్ అట్ట తగిలించడానికి సందేహించింది తెలియక కాదు. గల్లాలో పడిన నోటు సాయంత్రానికి చీటీకో, కూరగాయలకో చేతికందుతుంది. ఖాతాలో పడినది కనిపించదు, కొడుకు ఫోన్లో ఉంటుంది, బ్యాంకు పాత బకాయి కింద పట్టుకోవచ్చు కూడా. ఆ భయం వెర్రిది కాదు.

పంచాంగం ఉగాదిని లాక్కున్నా, దసరా విషయంలో కాస్త దయ చూపింది. ఆ ఏడాది ఆశ్వయుజం అధికమాసం కావడంతో విజయదశమి అక్టోబరు 25కు జరిగింది. అంగళ్లు కోలుకోవడానికి ఒక నెల కలిసొచ్చింది. 2021 ఏప్రిల్ 13 ఉగాదికి దుకాణాల్లో సరుకు పలచగానే కనిపించింది. ఎక్కువ దించకూడదని అందరూ నేర్చుకున్నారు. మే 5 నుంచి మళ్లీ ఆంక్షలు, ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకానే దుకాణాలు. ఈసారి ఎవరూ తికమకపడలేదు, ఆరింటికల్లా షట్టర్లు లేచాయి.

కానీ రెండో విడతలో జబ్బు ఇళ్లలోకి వచ్చింది. ఒక్కడి చేతి మీద నడిచే దుకాణంలో ఆ ఒక్కడు పోతే, రొటేషన్‌ను తిరిగి నడిపించే పథకం ఏదీ లేదు. కొట్టు తెరిచిన కొడుకు చేతికి అరువు పుస్తకం దొరుకుతుంది. అందులో పేర్లుండవు. “గుడి వెనక 1,250”, “టీచరమ్మ 3,400”, “ఆదివారం ఆయన, పాతది 800” అని ఉంటుంది. అప్పు వసూలుకు తిరిగే ముందు ఆ ఆదివారం ఆయన ఎవరో పక్క కొట్టువాణ్ని అడిగి తెలుసుకోవాలి.